బాలామృతంలో పాలపొడి ఉంది, మా పాపకి పాలు పడవు. అంగన్‌వాడీ సెంటర్లో బదులుగా ఇంకేమైనా ఇస్తారా?

విభాగం: పిల్లలు, తిండి, సర్కారు పథకాలు

జనగామ అమ్మ · జూన్ 9, రాత్రి 10:40

అందరికీ నమస్తే. ఇక్కడ మొదటిసారి రాస్తున్నా, తప్పులుంటే ఏమనుకోకండి.

మా పాపకి పద్నాలుగు నెలలు. ఎనిమిదో నెలలో అంగన్‌వాడీలో ఇచ్చిన బాలామృతం జావలా కాచి రెండు చెంచాలు పెట్టాను. పది నిమిషాలు కాలేదు, మూతి చుట్టూ దద్దుర్లు లేచాయి, పై పెదవి ఉబ్బింది, తిన్నదంతా కక్కేసింది. మా అత్తమ్మ దిష్టి అంది. ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాం. వారం ఆగి మళ్లీ పెట్టాను, మళ్లీ అదే. పక్క ఊళ్లో చూపిస్తే గ్యాస్ అని సిరప్ రాశారు. చివరికి పెద్దాసుపత్రిలో పాల అలర్జీ అని చెప్పారు. పాలు, పెరుగు, పాలపొడి కలిసిన బిస్కెట్లు ఏవీ పెట్టొద్దన్నారు.

నెలనెలా రెండున్నర కిలోల ప్యాకెట్, పదహారు గుడ్లు ఇస్తారు. గుడ్డు పాప బాగానే తింటుంది. ప్యాకెట్ మాత్రం సంతకం పెట్టి తెచ్చుకుంటున్నా, తీసుకోకపోతే టీచర్‌కి పైనుంచి మాట వస్తుందట. రెండు నెలలవి పక్కింటి వాళ్లకిచ్చాను. ఒకటి మా అత్తమ్మ నానబెట్టి బర్రెకు పెట్టింది. పాలపొడి మళ్లీ బర్రె దగ్గరికే పోయింది! కాగితం మీద మా పాప నెలకు రెండున్నర కిలోలు తింటోంది. మొన్న తూకం రోజు చూస్తే 7 కిలోల 100 గ్రాములు. చార్టు మీద చుక్క బరువు తక్కువని చెప్పే పసుపు రంగులోకి జారింది.

మా ఆయన ఆటో నడుపుతాడు. నేను బీడీలు చుడతా. మెడికల్ షాపులో అలర్జీ పిల్లలకు పాల బదులు పట్టే పొడి డబ్బా అడిగితే చిన్న డబ్బాకే రెండు వేలు దాటింది. షాపతను మా ముఖాలు చూసి "నాలుగు వేలది కూడా ఉందమ్మా, అది ఆర్డర్ మీద తెప్పించాలి" అన్నాడు.

బాలామృతం బదులు ఇంకేదైనా అడగొచ్చా? ఎవరిని అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

మొహమాటం లేదు · జూన్ 9, రాత్రి 11:15

కోపం రాకపోతే ఒక మాట. మా అమ్మ ఆరుగురిని పెంచింది, ఎవరికీ ఏ అలర్జీ లేదు. ఇప్పుడు ప్రతి పిల్లాడికీ ఏదో ఒకటి పడదు. ఉచితంగా ఇచ్చేదాంట్లో కూడా మెనూ అడిగితే ఎట్లా?

గోదారి గట్టు · జూన్ 9, రాత్రి 11:32

@మొహమాటం లేదు, మీ అమ్మగారు పెంచిన ఆరుగురి సంగతి సరే. అసలు ఎంతమంది పుట్టారో కూడా అడగండి ఒకసారి. మా నాయనమ్మకు తొమ్మిది కాన్పులు, మిగిలింది ఐదుగురు. పోయినవాళ్లంతా "పాలు విరిగి" పోయారనేది. ఏం విరిగిందో ఎవరికి తెలుసు.

జనగామ అమ్మ · జూన్ 9, రాత్రి 11:41

అన్నా, నేను మెనూ అడగట్లేదు. ఇస్తున్నది పాపకి పెడితే ఆసుపత్రికి పరిగెత్తాలి. పెట్టకపోతే బరువు తగ్గుతోంది. మధ్యలో సంతకం నాది.

సెంటర్ టీచర్ · జూన్ 10, ఉదయం 6:05

అమ్మా, నేను అంగన్‌వాడీ టీచర్‌నే, మీ జిల్లా కాదు. పొద్దున్నే పాలు కాస్తూ ఇది చదివి పొయ్యి కట్టేసి కూర్చున్నా.

మీ టీచర్ మీద కోపం పెట్టుకోకండి. మా రిజిస్టర్లో తీసుకున్నారు, తీసుకోలేదు, ఈ రెండే ఉంటాయి. తీసుకోలేదని రాస్తే ఎందుకు తీసుకోలేదని సెక్టార్ మీటింగ్‌లో నిలబెట్టి అడుగుతారు. "పాపకి పడదు" అని రాయడానికి గడి లేదు. ఫోన్లో యాప్‌లో కూడా వెతికాను, నాకు కనబడలేదు. ఎత్తు ఉంది, బరువు ఉంది, ఇప్పుడు ముఖం ఫొటో కూడా ఉంది. ఆ ముఖానికి ఏం పడుతుందో రాసే చోటు లేదు.

బాలామృతంలో ఏముంటుందో చాలామందికి తెలియదు, అందుకే రాస్తున్నా. వంద గ్రాముల్లో వేయించిన గోధుమ 55, శనగపప్పు 5, పాలపొడి 10, చక్కెర 20, నూనె 10. అంటే మీకిచ్చే ప్యాకెట్‌లో పావుకిలో పాలపొడి ఉందన్నమాట. పాలు పడే పిల్లకు అది మంచిదే. మా సెంటర్లో ఇద్దరు కవలలు దాంతోనే కోలుకున్నారు. పడని పిల్లకు అదే విషం.

మీరు ముందు చేయాల్సింది డాక్టర్ చీటీ తెచ్చుకోవడం. "పాలు వద్దు" అని నోటితో చెప్తే మా సూపర్‌వైజర్ కూడా మీ అత్తమ్మలాగే మాట్లాడుతుంది. ఆసుపత్రి ముద్రతో "ఆవు, గేదె పాల ప్రోటీన్ అలర్జీ. పాలు, పాలపొడి కలిసిన ఏ ఆహారమూ ఇవ్వరాదు" అని రాయించండి. మూడు జిరాక్సులు తీయండి. ఒకటి టీచర్‌కి, ఒకటి సీడీపీవో (అంగన్‌వాడీల పై అధికారి) ఆఫీసుకి, ఒకటి మీ దగ్గర.

నానమ్మ ఫోన్ · జూన్ 10, ఉదయం 7:20

మనవడు టైపు చేస్తున్నాడు నేను చెప్తున్నాను. పాప తల్లీ, బర్రె పాలు పడకపోతే మేక పాలు పట్టు. మా వాడకు ఒకడు గాడిదను తోలుకొని వచ్చేవాడు, ఉగ్గు గిన్నెడు పాలు పిండి పోసేవాడు. మా పిల్లలందరికీ పోయించాం. ఉబ్బసం, దగ్గు రాలేదు.

పిల్లల వార్డు · జూన్ 10, మధ్యాహ్నం 2:10

నేను పిల్లల వార్డులో పనిచేసే డాక్టర్‌ని. డ్యూటీ మధ్యలో రాస్తున్నా, కాస్త గజిబిజిగా ఉంటే సర్దుకోండి.

నానమ్మగారూ, మీ మాట తీసేస్తున్నానని అనుకోవద్దు. మేక పాలు మాత్రం వద్దే వద్దు. ఆవు, గేదె, మేక, గొర్రె, వీటి పాలలో ప్రోటీన్లు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకటి పడని పిల్లకు మిగతావీ చాలావరకు పడవు. గాడిద పాల సంగతి కొంచెం వేరు, ఇటలీలో వాటి మీద అధ్యయనాలు కూడా చేశారు. కానీ అక్కడ శుభ్రంగా సేకరించి, వేడిచేసి, కొవ్వు తక్కువని నూనె కలిపి పట్టారు. మన వీధిలో పచ్చివి గిన్నెలో పిండి పోస్తే వచ్చేది విరేచనాలు. పైగా చెంచాడు పాలతో పిల్ల బరువు పెరగదు.

అలర్జీ వేరు, పాలు అరగకపోవడం వేరు. పెద్దవాళ్లకు పాలు తాగితే కడుపుబ్బరం వస్తుంది చూడండి, అది లాక్టోజ్ అనే చక్కెర అరగక. అలర్జీ ప్రోటీన్‌కి వస్తుంది. లాక్టోజ్ తీసేసిన పాలలో ప్రోటీన్ అలాగే ఉంటుంది కాబట్టి మీ పాపకి అవి కూడా పనికిరావు. ఈ తేడా తెలియక షాపువాళ్లు అంటగట్టే డబ్బాలు కొని మోసపోయినవాళ్లను వారానికి ఒకరినైనా చూస్తాను.

అలర్జీలో రెండు రకాలు. మీ పాపది వెంటనే బయటపడే రకంలా ఉంది: దద్దుర్లు, పెదవి వాపు, వాంతి. రెండో రకం నిదానంగా, మలంలో రక్తం చారలతోనో తగ్గని విరేచనాలతోనో వస్తుంది. మొదటి రకం పిల్లలకు ఎప్పుడైనా పొరపాటున పాలు తగిలి ఊపిరి ఎగపీల్చినా, గొంతు మారినా, ఒళ్లు వాలిపోయినా 108కి ఫోన్ చేయండి. దిష్టి తర్వాత తీయొచ్చు.

ఊరట కలిగించే మాట కూడా చెప్తా. ఈ పిల్లల్లో చాలామందికి బడికెళ్లే వయసుకల్లా తగ్గిపోతుంది. కానీ తగ్గిందో లేదో ఇంట్లో పరీక్షించొద్దు, ఆసుపత్రిలోనే చూడాలి.

ఇక డబ్బా సంగతి. ఏడాదిలోపు పిల్లకు తల్లిపాలు లేకపోతే ప్రత్యేకమైన డబ్బా తప్పదు, అది నిజంగానే పేదవాళ్లను ముంచే ఖర్చు. సోయా డబ్బా కొంచెం చవక, కానీ ఆరు నెలల్లోపు వాడం. వీళ్లలో వందకు పది పదిహేను మందికి సోయా కూడా పడకపోవచ్చు. మీ పాపకి పద్నాలుగు నెలలు. మీరు ఇంకా పాలిస్తున్నారా? ఇస్తుంటే ఆ నాలుగు వేల డబ్బా కోసం అప్పు చేయకండి. మీకు కావాల్సింది డబ్బా కాదు, పాలు లేని బలమైన తిండి.

జనగామ అమ్మ · జూన్ 10, రాత్రి 9:50

డాక్టర్ గారూ, ఇస్తున్నాను. నిద్రపోయేటప్పుడు, తెల్లవారుజామున.

మీరు అడిగాక ఒకటి గుర్తొచ్చింది. పాప పుట్టాక ఆరు నెలల వరకూ ఆరోగ్యలక్ష్మి భోజనానికి సెంటర్‌కి వెళ్లాను. అన్నం, పప్పు, గుడ్డు, రోజూ గ్లాసుడు పాలు. టీచర్ ముందే తాగాలి. అప్పుడే పాప బుగ్గలు ఎర్రగా పొక్కి, రసి కారేవి. గోకి గోకి రక్తం వచ్చేది. పాప కోసమే కదా అని ఒక్క చుక్క వదలకుండా తాగేదాన్ని.

పిల్లల వార్డు · జూన్ 10, రాత్రి 11:30

మీ తప్పేమీ లేదమ్మా. 200 మిల్లీలీటర్ల పాలు చాలామంది తల్లులకు అవసరం, పథకంలో పెట్టింది అందుకే. కొందరు పిల్లలకు మాత్రం తల్లి తాగిన పాలలోని ప్రోటీన్ తల్లిపాల ద్వారా కొంచెం చేరుతుంది. ఇప్పుడు బుగ్గలు బాగుంటే మీరు మానాల్సిన పని లేదు. ఇంకా పొక్కుతుంటే రెండు మూడు వారాలు మీరూ పాలు, పెరుగు ఆపి చూడండి. ఆపినన్నాళ్లు కాల్షియం మాత్ర వేసుకోండి, పీహెచ్‌సీలో ఇస్తారు. తల్లిపాలు మాత్రం ఆపకండి.

డాలస్ డైరీ · జూన్ 11, ఉదయం 8:02

మాది ఖమ్మం, ఇప్పుడు టెక్సస్‌లో ఉంటున్నాం. మా ఆయన చదువుకుంటున్న రోజుల్లో చేతిలో డాలర్ ఉండేది కాదు. బాబుకి ఇదే సమస్య. ఇక్కడ విక్ అని తల్లీపిల్లల పథకం ఉంది, 1974 నుంచి నడుస్తోంది. ఐదేళ్లలోపు పిల్లలకు పాలు, గుడ్లు, తృణధాన్యాలు, పండ్లు వస్తాయి. మొహమాటపడుతూనే వెళ్లాను.

చెప్పొచ్చేదేంటంటే అక్కడ కూడా మొదట్లో పాలంటే పాలే. 2009 ప్రాంతంలో సోయా పాలు, టోఫు జాబితాలోకి వచ్చాయి. అప్పుడు కూడా పిల్లలకు ఇవ్వాలంటే డాక్టర్ కాగితం కావాలన్నారు. 2014లో ఆ షరతు తీసేశాక, సెంటర్లో ఉండే పోషకాహార నిపుణురాలే మాట్లాడి మార్చేస్తున్నారు. మా బాబుకి అలాగే మార్చారు, పది నిమిషాల పని. బాదం పాలు అడిగాను, రావన్నారు. ఆవుపాలకు సమానంగా ప్రోటీన్, కాల్షియం ఉంటేనే ఇస్తారట. అప్పుడు విసుక్కున్నా గానీ ఇప్పుడు సబబే అనిపిస్తుంది, బాదం పాలలో ఉండేది చాలావరకు నీళ్లే.

నెలల పిల్లల ప్రత్యేక డబ్బాకు మాత్రం ఇప్పటికీ డాక్టర్ ఫారం కావాలి. 2022 ఫిబ్రవరిలో మిషిగన్‌లో ఒక పెద్ద ఫ్యాక్టరీ మూతపడితే అలర్జీ పిల్లల డబ్బాలు దొరక్క తల్లులు ఊళ్లు పట్టుకు తిరిగారు. కార్డు చేతిలో ఉంది, షెల్ఫ్ ఖాళీ.

లెస్టర్ నైట్ డ్యూటీ · జూన్ 11, మధ్యాహ్నం 3:44

ఇంగ్లండ్ సంగతి కూడా చెప్తా, ఆసుపత్రిలో పనిచేస్తా కాబట్టి రోజూ చూస్తుంటా. ఇక్కడ హెల్తీ స్టార్ట్ కార్డు ఉంది. ఏడాది దాటిన పిల్లకు వారానికి 4.25 పౌండ్లని 2021లో పెంచారు, ఏడాదిలోపు వాళ్లకు దానికి రెట్టింపు. వీసా మీద వచ్చిన మనలాంటి వాళ్లకు మామూలుగా రాదు, అది వేరే గోల. ఆ కార్డుతో మామూలు ఆవుపాలు, ఆవుపాల డబ్బా, పండ్లు, కూరగాయలు, పప్పులు కొనొచ్చు. సోయా పాలు, ఓట్ పాలు మాత్రం ఆ కార్డుతో కొనడానికి వీల్లేదు. డబ్బున్న దేశం కదా అని అన్నీ సరిగ్గా ఉంటాయనుకోకండి.

కాకపోతే అలర్జీ డబ్బాను ఇక్కడ మందుగా చూస్తారు. డాక్టర్ ప్రిస్క్రిప్షన్ రాస్తే పిల్లలకు ఉచితం. తిండి పథకం చేతులెత్తేసిన చోట ఆసుపత్రి అందుకుంటుంది. మన దగ్గర ఆ రెండో చెయ్యి లేదు.

సెంటర్ టీచర్ · జూన్ 11, రాత్రి 8:30

లెస్టర్ అన్న చెప్పిన మాట పట్టుకోవాలి. మా పథకంలో ఒక పిల్లకు రోజుకు ఖర్చు 8 రూపాయలని 2017లో కేంద్రం లెక్క కట్టింది, బాగా బరువు తక్కువున్న పిల్లకు 12. రాష్ట్రం పైన కొంత కలిపినా, ఆ లెక్కలో నాలుగు వేల డబ్బా ఎక్కడ ఇమడాలి? డబ్బా కోసం అంగన్‌వాడీని అడిగితే లాభం లేదు. ఆరోగ్యశ్రీ ఏమో ఆపరేషన్లకు, అడ్మిషన్లకు. బడికి, సెంటర్‌కి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం) డాక్టర్లు పిల్లల్ని పరీక్షిస్తారు, గుండె, చెవి, చర్మం, ఫిట్స్ అన్నీ వాళ్ల జాబితాలో ఉన్నాయి. ఆహార అలర్జీ లేదు.

అందుకే నేననేది, ఏడాది దాటిన పిల్లకు డబ్బా అడగొద్దు, మార్పిడి అడగాలి. పాలపొడి ప్యాకెట్ వెనక్కి తీసుకుని అంతే విలువకు గుడ్లో, పప్పో, పల్లీలో ఇమ్మనాలి. దానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు.

మొహమాటం లేదు · జూన్ 11, రాత్రి 9:12

ఒక్కో పిల్లకి ఒక్కో ప్యాకెట్ అంటే బాలామృతం చేసే నాచారం ఫ్యాక్టరీలో ఎన్ని రకాలు చేస్తారండీ? లక్షల మంది పిల్లలు. ఎవరికో ఒకరికి పడదని మొత్తం మార్చలేరు కదా. ఇది వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా.

తార్నాక బస్టాప్ · జూన్ 11, రాత్రి 10:25

నిజంగా అడిగారు కాబట్టి జవాబు చెప్తా. నేను న్యూట్రిషన్ చదువుతున్నా.

కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. బాలామృతం తయారయ్యే నాచారం నుంచి బస్సెక్కితే కాసేపట్లో తార్నాక వస్తుంది. అక్కడి జాతీయ పోషకాహార సంస్థ ఎప్పుడో తయారుచేసిన పొడి ఒకటుంది, పుస్తకాల్లో దాని పేరే హైదరాబాద్ మిక్స్. వేయించిన గోధుమ 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, వేయించిన పల్లీలు 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాములకు 330 కేలరీలు, 11.3 గ్రాముల ప్రోటీన్. చూశారా, పాల చుక్క లేదు. పరీక్షల్లో దీని మీద ప్రశ్న వస్తుంది, మేమంతా బట్టీ పట్టి రాస్తాం. ఊరి పేరు పెట్టుకున్న పొడి ఆ ఊరి అంగన్‌వాడీలో దొరకదు.

జనగామ అక్కా, ఇది ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక కిలో గోధుమలకు 400 గ్రాముల శనగపప్పు, పావుకిలో పల్లీలు. విడివిడిగా దోరగా వేయించి, పల్లీల పొట్టు ఊదేసి, మిల్లులో పట్టించండి. అదే మిల్లులో ముందు ఎవరైనా పాలపొడి కలిసిన పిండి పట్టించారేమో అడగండి, లేదా మొదటి పిడికెడు పిండి పక్కన పెట్టేయండి. బెల్లం కాచేటప్పుడే వేసుకోండి, ముందే కలిపితే పొడి ముద్ద కడుతుంది. దించాక చెంచా నూనె. పల్లీలు పాప ఎప్పుడూ తినకపోతే మొదట చిటికెడు పొడితో మొదలుపెట్టి చూడండి. కొందరు పిల్లలకు అవీ పడవు. డాక్టర్‌ని అడిగి మొదలుపెడితే ఇంకా మంచిది.

కాల్షియం కోసం రాగులు ఉండనే ఉన్నాయి, వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాముల పైనే. నువ్వుల్లో అంతకన్నా చాలా ఎక్కువ. మునగాకు, తోటకూర పప్పులో వేయండి.

గోదారి గట్టు · జూన్ 11, రాత్రి 10:58

మా వైపైతే మెత్తళ్లు కూడా చెప్తాం. ఎండు మెత్తళ్లు వేయించి ముల్లుతో సహా మెత్తగా పొడి చేసి అన్నంలో కలిపేయడమే. ఉప్పు ఎక్కువుంటుంది, రెండు సార్లు కడగాలి. చేప పడుతుందో లేదో ముందు చూసుకోవాలి మరి.

మా ఏపీలో సెంటర్లో పిల్లలకు టెట్రా ప్యాకెట్ పాలే ఇస్తారు. మా మేనకోడలికి పడవు. ఆమె ప్యాకెట్ వాళ్ల తాత టీలో పోసుకుంటాడు. ఆయన ఆరోగ్యం భేషుగ్గా ఉంది.

పిటిషన్ రాస్తా · జూన్ 12, ఉదయం 7:15

కలెక్టరేట్ బయట ఇరవై ఏళ్లుగా అర్జీలు రాస్తున్నా. వకీలును కాదు, కానీ ఏ కాగితం ఏ టేబుల్ మీదికి పోతుందో తెలుసు.

2013 ఆహార భద్రత చట్టం ఐదో సెక్షన్ ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా ప్రతి పిల్లకూ అంగన్‌వాడీ ద్వారా వయసుకు తగిన భోజనం ఉచితంగా రావాలి. హక్కు అని రాసుంది, దయ అని కాదు. @మొహమాటం లేదు అన్న ఈ ముక్క చదవాలి. మూడేళ్లలోపు పిల్లకు చట్టం మొదట పెట్టిన కొలత 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రోటీన్; 2023లో ఆ కొలతల్ని సవరించారు. అర్జీ అంతా ఇప్పుడున్న కొలత మీద నిలబెట్టాలి. మీకిచ్చింది ప్యాకెట్, పాపకి అందింది సున్నా కేలరీలు.

ఎనిమిదో సెక్షన్‌లో, రావాల్సిన తిండి ఇవ్వకపోతే ఆహార భద్రతా భత్యం ఇవ్వాలని ఉంది. మీ విషయంలో ప్యాకెట్ ఇచ్చామని అంటారు కాబట్టి అది కచ్చితంగా వస్తుందని హామీ ఇవ్వలేను. కానీ అర్జీలో రాయండి, రాస్తేనే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

వరస ఇలా: మొదట సీడీపీవోకి. పదిహేను రోజుల్లో ఏమీ తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో. అక్కడ రసీదు నంబరు తీసుకోకుండా కదలొద్దు. జిల్లా స్థాయిలో ఫిర్యాదుల అధికారి ఉండాలని ఇదే చట్టం చెప్తోంది, ఆ పైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉంది. ఏ అర్జీలోనూ టీచర్ మీద ఒక్క మాట రాయొద్దు. టీచర్ మీద రాస్తే ఆమెకు మెమో వస్తుంది, మీకు శత్రువు మిగులుతుంది, ప్యాకెట్ మాత్రం అదే వస్తుంది.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. మొదటి వాక్యంలోనే అడిగేది ఉండాలి. "నా కూతురికి పాల అలర్జీ ఉన్నందున బాలామృతం బదులు అదే విలువ గల గుడ్లు, పప్పు, పల్లీలు ఇప్పించగలరు." కష్టాలు రెండో పేరాలో.

రోటరీ కుర్రాడు · జూన్ 12, మధ్యాహ్నం 12:40

మా ఫ్రెండ్స్ కొందరం డబ్బులు పోగేసి ఇలాంటి పాపలకు అలర్జీ డబ్బాలు కొని పంచుదామనుకుంటున్నాం. అడ్రస్‌లు పంపుతారా?

పిల్లల వార్డు · జూన్ 12, రాత్రి 7:05

మనసు మంచిదే, ఒక్క నిమిషం ఆగండి. పిల్లల పాల డబ్బాల మీద 1992 నాటి చట్టం ఉంది, 2003లో ఇంకా బిగించారు. డబ్బాలను అనాథాశ్రమాలకు తప్ప ఎవరికీ దానంగా పంచకూడదు. కంపెనీలు ఉచితంగా ఇచ్చి తల్లిపాలు మాన్పించిన రోజులున్నాయి, అందుకే ఆ నిబంధన. మీరు వాట్సాప్‌లో డబ్బాలు పంచితే అవసరం లేని తల్లి కూడా మొదలుపెడుతుంది. అంతగా సాయం చేయాలనుంటే మీ ఊరి ప్రభుత్వాసుపత్రి పిల్లల విభాగంలో అడగండి. ప్రయాణ ఖర్చులు, పరీక్షల ఖర్చు, నెలకు నాలుగు డజన్ల గుడ్లు... అడిగితే ఇలాంటివి వంద చెప్తారు.

ఇంకో విషయం, ఇది వార్డులో పనిచేసేవాళ్లకే ఎక్కువ తెలుసు. మరీ చిక్కిపోయిన పిల్లల్ని ఎన్‌ఆర్‌సీలో (పోషకాహార పునరావాస కేంద్రం) చేర్చుకుంటాం. అక్కడ మొదట పట్టేది ఎఫ్-75, తర్వాత ఎఫ్-100. రెండూ పాలతో చేసేవే. పాల అలర్జీ వల్ల చిక్కిన పిల్లను చేర్చి, పాలే పట్టి, ఎందుకు విరేచనాలు ఆగట్లేదని తలలు పట్టుకున్న రోజులు నా అనుభవంలో ఉన్నాయి. మీ పిల్లను ఎప్పుడైనా అక్కడ చేర్చాల్సి వస్తే గేటు దగ్గరే అలర్జీ అని చెప్పండి, కేస్ షీట్ మీద ఎర్ర సిరాతో రాయించండి.

అడ్మిన్ · జూన్ 13, ఉదయం 9:00

గాడిద పాలు అమ్ముతామని ఫోన్ నంబర్లు పెట్టిన మూడు పోస్టులు తీసేశాం. దయచేసి మళ్లీ పెట్టొద్దు. నానమ్మగారి పోస్టు ఉంచాం, ఆవిడ అమ్మట్లేదు.

జనగామ అమ్మ · జూలై 24, రాత్రి 10:15

అందరూ ఎట్లున్నారు? ఆలస్యమైంది, ఫోన్ పాడైంది.

చీటీ రాయించాను. పెద్దాసుపత్రిలో మూడు గంటలు కూర్చున్నాక ఒక డాక్టరమ్మ రాసి ముద్ర వేసింది. మా టీచర్ చీటీ చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇన్నాళ్లు నేనే నీతో సంతకం పెట్టించుకున్నా" అంది. అప్పట్నుంచి మధ్యాహ్నం పాపని తీసుకురమ్మంటోంది. మూడేళ్లు దాటిన పిల్లలకు వండే అన్నం, పప్పులో పాపకీ ఒక గరిటె పెడుతోంది. ఇది రూల్ కాదు, ఆమె మంచితనం. ఎవరైనా ఆఫీసర్లు ఇక్కడ చదువుతుంటే దయచేసి ఆమెను ఏమీ అనకండి.

సీడీపీవో మేడం బాగానే మాట్లాడారు. "ఐటం మార్చే అధికారం నాకు లేదమ్మా, పైకి రాస్తా" అన్నారు. పదిహేను రోజులు చూసి ప్రజావాణిలో ఇచ్చాను. పిటిషన్ అన్న చెప్పినట్టు ఒకటే పేజీ. రసీదు ఉంది. "సంబంధిత శాఖకు పంపడమైనది" అని మెసేజ్ వచ్చింది, అక్కడే ఉంది. రేపు ఆహార కమిషన్‌కి పోస్టు చేస్తా.

హైదరాబాద్ మిక్స్ చేశాను. మొదటిసారి పల్లీలు మాడాయి, పాప ఉమ్మేసింది. రెండోసారి బాగా కుదిరింది. మా అత్తమ్మే వేయించింది, నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు వీధిలో అందరికీ "మా మనవరాలికి పాలు పడవు, మీరు బిస్కెట్ పెట్టారంటే ఊరుకోను" అని చెప్తోంది. ఒక షాపతనితో గొడవ కూడా అయింది.

నిన్న తూకం వేశారు. 7 కిలోల 550. ఇంకా పసుపులోనే ఉంది, కానీ చుక్క పైకి తిరిగింది. బాలామృతం ఇంకా ఇస్తూనే ఉన్నారు. నేను తీసుకోవట్లేదు. రిజిస్టర్లో "తీసుకోలేదు" అని రాసి, పక్కన ఖాళీలో టీచర్ చిన్న అక్షరాలతో "పాల అలర్జీ, చీటీ జతచేయడమైనది" అని రాసింది.

సెంటర్ టీచర్ · జూలై 25, ఉదయం 6:12

ఆ పక్కన ఖాళీలో రాయడం నేనూ మొదలుపెట్టా. మా సెక్టార్లో ఇరవై ఎనిమిది మంది టీచర్లం. మొన్న మీటింగ్‌లో అడిగితే ఇలాంటి పిల్లలు ఇద్దరు తేలారు. ముందు ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

మొహమాటం లేదు · జూలై 25, ఉదయం 8:47

పాప బరువు పెరిగినందుకు సంతోషం చెల్లీ. ఆ ఆహార కమిషన్ అర్జీ ఒక కాపీ ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి. మా అన్న కూతురికి గోధుమ పడదు. వాళ్లకి నేనే రాసిపెడతా.

కొత్తగా చేరా · జూలై 25, రాత్రి 11:03

ఇప్పుడే మొత్తం చదివాను. మాది వనపర్తి దగ్గర. మా బాబుకి పదకొండు నెలలు. పాలు పడవు, గుడ్డు కూడా పడదు, తింటే ఒళ్లంతా దద్దుర్లు. సెంటర్లో ఇచ్చేవి ఆ రెండే. మాకు దేనితో మార్పిడి అడగాలి?